పాత వ్యానుకు కొత్త బ్రేకు ప్యాడ్లు: ఏవి కొనాలి, ఎలా కొనాలి?

టమాటా కోత ముగిసేసరికి పొద్దుపోతుంది. బాక్సులు సర్ది, తాళ్లు బిగించి, వ్యాను బయల్దేరేసరికి అర్ధరాత్రి దాటుతుంది. తెల్లారకముందే మార్కెట్టుకు చేరాలి. మదనపల్లె చుట్టుపక్కలే కాదు, కూరగాయలు పండే ఏ ప్రాంతంలో చూసినా ఇదే తంతు. 2005లో టాటా ఏస్ వచ్చిన తర్వాత ఇలాంటి చిన్న సరుకు బండ్లు పల్లెపల్లెకూ చేరాయి. ఆ బండ్లే ఇప్పుడు రెండో చేతికి, మూడో చేతికి మారి చిన్న రైతుల దగ్గర తిరుగుతున్నాయి. ఇద్దరు ముగ్గురు రైతులు కలిసి ఒక పాత వ్యాను కొనుక్కోవడమూ మామూలైంది.

విత్తనం కొనేటప్పుడు లాట్ నంబరు చూస్తాం. పురుగుమందు డబ్బా కొనేటప్పుడు గడువు తేదీ చూస్తాం. కానీ వ్యానుకు బ్రేకు ప్యాడ్లు వేయించాల్సి వచ్చేసరికి "ఏదో ఒకటి వేసెయ్యి, తొందరగా పోవాలి" అంటాం. ఇక్కడే పొరపాటు జరుగుతోంది. పంట పోతే వచ్చే కారులో చూసుకోవచ్చు. లోడుతో దిగుడులో వస్తున్న బండికి బ్రేకు పట్టకపోతే మళ్లీ చూసుకోవడానికి ఏమీ మిగలదు.

ప్యాడ్లు ముందు మీ బండికి సరిపోవాలి. ఆ తర్వాత మీరు మోసే బరువుకు సరిపోవాలి. ధర సంగతి చివరే. ఈ వరస తప్పకుండా ఎలా కొనాలో చూద్దాం.

బ్రేకు పట్టడమంటే ఏమిటి?

చిన్న వ్యాన్లలో ఎక్కువ వాటికి ముందు చక్రాలకు డిస్కు బ్రేకులు, వెనక చక్రాలకు డ్రమ్ము బ్రేకులు ఉంటాయి. మీరు పెడలు తొక్కగానే బ్రేకు ఆయిలు గొట్టాల ద్వారా ఆ ఒత్తిడిని చక్రం దాకా తీసుకెళుతుంది. ముందు చక్రం దగ్గర ఉండే కాలిపరు, రెండు ప్యాడ్లను చెరో వైపు నుంచి డిస్కుకు నొక్కి పట్టుకుంటుంది. ఆ రాపిడికి చక్రం ఆగుతుంది. వెనక డ్రమ్ములో షూలు విచ్చుకుని లోపలి గోడకు ఒరుసుకుంటాయి.

రాపిడి అంటే వేడి. బండి వేగమంతా ప్యాడ్ల దగ్గర వేడిగా మారిపోతుంది. 30 కిలోమీటర్ల వేగంలో ఉన్న బండిని ఆపడానికి కావలసిన శక్తి కన్నా 60లో ఉన్న బండిని ఆపడానికి నాలుగు రెట్లు కావాలి. వేగం రెట్టింపైతే శక్తి నాలుగు రెట్లవుతుందన్న మాట. బరువు పెరిగితే ఆ మేరకు అదీ పెరుగుతుంది.

టాటా ఏస్ తొలి రకాలు మోయదగిన బరువు సుమారు ముప్పాతిక టన్ను. ఒక్కో బాక్సు 25 కిలోలు అనుకుంటే 30 బాక్సులకే ఆ లెక్క సరిపోతుంది. 40 బాక్సులు ఎక్కిస్తే టన్ను. ఆ పైన ఎక్కించే ప్రతి బాక్సు భారమూ ప్యాడ్ల మీద పడుతుంది. ఎంత మంచి ప్యాడ్లు వేయించినా, అధిక లోడుకు అవి మందు కావని గుర్తుంచుకోవాలి.

మార్చాల్సిన సమయం ఎలా తెలుస్తుంది?

కొత్త ప్యాడు మీద రాపిడి పదార్థం దాదాపు 10 మిల్లీమీటర్ల మందం ఉంటుంది. అది అరిగి 3 మిల్లీమీటర్లకు వస్తే మార్చేయాలి. మెకానిక్ చక్రం విప్పినప్పుడు మీరు పక్కనే ఉండి కళ్లారా చూడండి. లోపలి ప్యాడు, బయటి ప్యాడు రెండూ చూపించమనండి. బయటిది బాగానే ఉండి లోపలిది రేకు దాకా అరిగిపోయిన బండ్లు చాలానే ఉంటాయి.

విప్పకుండానే తెలుసుకునే గుర్తులు కొన్ని ఉన్నాయి.

బ్రేకు తొక్కినప్పుడు సన్నగా కీచుమని శబ్దం రావడం మొదటిది. కొన్ని ప్యాడ్లకు చిన్న రేకు ముక్క పెడతారు. ప్యాడు అరిగాక అది డిస్కుకు తగిలి అరుస్తుంది. ఇంకా టైముంది, కానీ మార్చమని దానర్థం.

గరగరమని ఇనుము మీద ఇనుము గీసినట్టు శబ్దం వస్తే ప్యాడు పూర్తిగా అయిపోయింది. వెనక రేకు డిస్కును తినేస్తోంది. ఆ బండికి ఇక లోడు ఎక్కించకూడదు.

బ్రేకు ఆయిలు డబ్బాలో మట్టం మెల్లగా తగ్గుతూ రావడం మరో గుర్తు. ప్యాడ్లు అరిగిన కొద్దీ ఆయిలు కిందికి దిగుతుంది. చాలామంది కారణం చూడకుండా పైన పోసేస్తుంటారు. అలా పోస్తే అరుగుదల బయటపడదు. పైగా కొత్త ప్యాడ్లు బిగించేటప్పుడు ఆయిలు పొంగి పొర్లుతుంది. మట్టం ఒక్కసారిగా పడిపోతే మాత్రం ఎక్కడో కారుతోందని అర్థం. అలాంటప్పుడు బండి కదపకూడదు.

బ్రేకు వేస్తే బండి ఒక పక్కకు లాగుతోందా? పెడలు స్పాంజిలా మెత్తగా దిగుతోందా? పెడలు అదురుతోందా? ఇవి ప్యాడ్లు మారిస్తే పోయే జబ్బులు కావు. వీటి సంగతి కింద చెప్పుకుందాం.

ఏ రకం ప్యాడ్లు మంచివి?

దుకాణాల్లో ప్రధానంగా మూడు రకాలు దొరుకుతాయి.

ఆర్గానిక్ రకం: పీచు, జిగురు, ఖనిజాల పొడి కలిపి అచ్చు పోసినవి. మెత్తగా ఉంటాయి, శబ్దం తక్కువ, డిస్కును తక్కువగా తింటాయి, ధరా తక్కువే. అయితే తొందరగా అరుగుతాయి. బాగా వేడెక్కితే వీటిలో చాలావాటికి పట్టు తగ్గుతుంది. చదునైన రోడ్ల మీద, తేలిక బరువులతో తిరిగే వ్యానుకు ఇవి చాలు.

సెమీ మెటాలిక్ రకం: వీటిలో ఇనుప పీచు, లోహపు పొడి ఎక్కువ పాళ్లలో ఉంటాయి. వేడిని బాగా తట్టుకుంటాయి. బరువులు మోస్తూ ఘాట్ రోడ్డు దిగే బండ్లకు నప్పుతాయి. కాస్త శబ్దం చేస్తాయి, డిస్కును కొంచెం ఎక్కువగా అరగదీస్తాయి. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు మొదటి ఒకటి రెండు బ్రేకులకు పట్టు తక్కువగా అనిపించవచ్చు.

సిరామిక్ రకం: శబ్దం, దుమ్ము తక్కువ. ధర ఎక్కువ. ఇవి ముఖ్యంగా కార్ల కోసం. సరుకు మోసే పాత వ్యానుకు వీటి మీద డబ్బు పెట్టనక్కర్లేదు.

మరి మీకేది? ముందుగా చూడాల్సింది బండి తయారుచేసిన కంపెనీ ఏ రకం బిగించి అమ్మిందన్నదే. ఆ బండి బరువు, చక్రం, వెనక బ్రేకు అన్నీ లెక్కలోకి తీసుకునే వాళ్లు ఆ రకాన్ని నిర్ణయిస్తారు. "ఇంకా గట్టిగా పట్టేవి వేయి" అని మరో రకం వేయిస్తే మేలు కన్నా కీడే ఎక్కువ జరగవచ్చు. మార్కెట్టు నుంచి ఖాళీగా తిరిగొచ్చేటప్పుడు వానకు తడిసిన రోడ్డు మీద ముందు చక్రాలు ఒక్కసారిగా బిగుసుకుపోతే స్టీరింగ్ మాట వినదు. అందుకే కంపెనీ ఇచ్చిన రకానికే కట్టుబడి ఉండండి. ఒకే బండికి రెండు రకాలూ దొరుకుతుంటే, ఘాట్ రోడ్డు మీద తిరిగేవాళ్లు వేడికి తట్టుకునే రకాన్ని అడగాలి.

కొన్ని ప్యాడ్ల అంచున గానీ, వెనక రేకు మీద గానీ రెండు ఇంగ్లీషు అక్షరాలు పక్కపక్కన ఉంటాయి. మొదటిది మామూలు వేడిలో పట్టును, రెండోది బాగా వేడెక్కినప్పటి పట్టును చెబుతాయి. 'ఈ' కన్నా 'ఎఫ్', 'ఎఫ్' కన్నా 'జి' ఎక్కువ పట్టు. రెండు 'ఎఫ్'లు ఉంటే వేడెక్కినా పట్టు అదే స్థాయిలో నిలుస్తుందని అర్థం. 'ఎఫ్' తర్వాత 'ఈ' ఉంటే వేడికి పట్టు తగ్గుతుంది. ఈ అక్షరాలు ప్యాడు ఎన్నాళ్లు మన్నుతుందో చెప్పవు. అన్ని ప్యాడ్ల మీదా ఉండవు కూడా. లేనంత మాత్రాన నకిలీ అనుకోనక్కర్లేదు.

దుకాణానికి వెళ్లేముందు

బండి పేరు ఒక్కటే చెబితే సరిపోదు. ఒకే పేరుతో ఏళ్ల తరబడి వచ్చిన బండ్లలో మధ్యలో కాలిపర్లు, డిస్కులు మారి ఉండవచ్చు. పాత బండి అయితే, అంతకు ముందు వాడినవాళ్లు వేరే రకం కాలిపరు బిగించి ఉండవచ్చు కూడా. కాబట్టి ఇవి మూడూ వెంట ఉండాలి.

ఒకటి, ఆర్.సి. కాగితం. అందులో ఛాసిస్ నంబరు, తయారైన నెల, సంవత్సరం ఉంటాయి. రెండు, విప్పిన పాత ప్యాడు. దాని వెనక రేకు మీద విడిభాగం నంబరు ఉంటే రాసుకోండి. మూడు, మీరు మామూలుగా మోసే బరువు, తిరిగే దారి.

దుకాణంలో కొత్త ప్యాడును పాతదాని మీద పెట్టి చూడండి. వెనక రేకు ఆకారం, చెవులు, క్లిప్పు పట్టే గాట్లు అచ్చంగా కలవాలి. "కొంచెం రాకితే పట్టేస్తుంది" అని ఎవరన్నా చెబితే ఆ ప్యాడ్లు తీసుకోకండి. రాకి బిగించిన ప్యాడు కాలిపరులో ఇరుక్కుంటుంది, లేదా వదులుగా ఊగుతుంది. రెండూ ప్రమాదమే.

డబ్బాలో నాలుగు ప్యాడ్లు ఉండాలి. కుడి చక్రానికి రెండు, ఎడమ చక్రానికి రెండు. ఒక పక్క మాత్రమే అరిగిందని ఆ పక్కకే కొత్తవి వేయిస్తే బ్రేకు వేసినప్పుడు బండి ఒక వైపుకు లాగుతుంది. ఎప్పుడైనా రెండు ముందు చక్రాలకూ కలిపే మార్చాలి.

నకిలీని గుర్తించడమెలా?

నకిలీ విత్తనాల మాదిరే నకిలీ ప్యాడ్లూ ఉన్నాయి. పైకి అచ్చం ఒకేలా కనిపిస్తాయి. మంచి ప్యాడ్లతో పోలిస్తే కొన్ని వందల రూపాయలు తక్కువకే వస్తాయి. తేడా మొదటి దిగుడులో తెలుస్తుంది.

డబ్బా మీద తయారీదారు పేరు, చిరునామా, తయారైన నెల, సంవత్సరం, గరిష్ఠ చిల్లర ధర, ఫిర్యాదులకు ఫోను నంబరు ఉండాలి. డబ్బా మీది విడిభాగం నంబరు, ప్యాడు మీది నంబరు కలవాలి. అచ్చు అక్షరాలు మసకగా ఉన్నా, పేరులో ఒక అక్షరం తేడాగా ఉన్నా వదిలేయండి. హోలోగ్రాం గానీ, గీకి చూసుకునే సంకేతం గానీ ఉంటే అక్కడే సరిచూసుకోండి.

తర్వాత ప్యాడును చేత్తో పట్టుకుని చూడండి. రాపిడి పదార్థం మీద పగుళ్లు ఉండకూడదు. అంచులు పొడిపొడిగా రాలకూడదు. వెనక రేకుకూ దానికీ మధ్య గోరు దూరేంత సందు కూడా ఉండకూడదు. అక్కడ అతుకు వదిలితే నడుస్తుండగా పదార్థం ఊడిపోయి రేకు మాత్రమే మిగులుతుంది.

సెకండ్ హ్యాండు ప్యాడ్లు, పాత రేకుల మీద కొత్త పదార్థం అంటించినవి చవకగా వచ్చినా ముట్టుకోవద్దు. విడిభాగం నంబరు రాయించి బిల్లు తీసుకోండి. బిల్లు ఇవ్వనంటే మరో దుకాణం చూసుకోండి. తేడా వస్తే వినియోగదారుల కమిషన్‌కు వెళ్లడానికి ఆ బిల్లే ఆధారం.

ప్యాడ్లు మార్చినంత మాత్రాన సరిపోదు

చక్రం విప్పాం కదా అని వీటిని కూడా చూపించుకోవాలి. ఖర్చు పెద్దగా ఉండదు, లేదంటే కొత్త ప్యాడ్లు కూడా దండగవుతాయి.

డిస్కు: లోతుగా గాళ్లు పడితే కొత్త ప్యాడు సరిగా ఆనదు. లేతు మీద చదును చేయించవచ్చు. అయితే డిస్కు మీద కనీస మందం ఎంతో అచ్చు వేసి ఉంటుంది. అంతకన్నా పలచబడితే మార్చాల్సిందే. పెడలు అదరడానికి సాధారణంగా డిస్కు వంకరే కారణం.

కాలిపరు: ఇది జరిగే పిన్నులు మట్టి, తుప్పు పట్టి బిగుసుకుపోతే ఒక ప్యాడే అరుగుతుంది, బండి పక్కకు లాగుతుంది. పిన్నులు శుభ్రం చేయించి, వేడిని తట్టుకునే బ్రేకు గ్రీజు రాయించండి. చక్రం బేరింగులకు రాసే మామూలు గ్రీజు పనికిరాదు. పిస్టన్ చుట్టూ ఉండే రబ్బరు తొడుగు చిరిగితే మార్పించాలి.

బ్రేకు ఆయిలు: ఇది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. నీరు చేరిన ఆయిలు దిగుడులో వేడికి మరిగి ఆవిరి బుడగలు కడుతుంది. అప్పుడు పెడలు తొక్కితే గాలిని నొక్కినట్టే, కిందికి దిగిపోతుంది గానీ బ్రేకు పట్టదు. డాట్ 3 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగదు. తేమ చేరాక ఆ హద్దు 140 డిగ్రీలకు పడిపోవచ్చు. డాట్ 4కు ఈ అంకెలు 230, 155. అందుకే రెండేళ్లకోసారి పూర్తిగా మార్పించాలి. ఏ రకం పోయాలో డబ్బా మూత మీద రాసి ఉంటుంది. మూత తీసి ఉంచిన పాత సీసాలోది వాడకూడదు. పెడలు స్పాంజిలా ఉంటే గొట్టాల్లో గాలి చేరినట్టు, దాన్ని తీయించాలి.

వెనక బ్రేకులు: వెనక షూల లైనర్లు అరిగిపోతే భారమంతా ముందు ప్యాడ్ల మీదే పడుతుంది. కొన్ని పికప్ బండ్లలో లోడును బట్టి వెనక బ్రేకు బలాన్ని సర్దే వాల్వు ఉంటుంది. అది బిగుసుకుపోయినా ఇదే ఇబ్బంది. ముందు ప్యాడ్లు మాటిమాటికీ అరిగిపోతుంటే వెనక్కి చూడమని మెకానిక్‌కు చెప్పండి.

బిగించేటప్పుడు, బిగించాక

ఈ పని అనుభవమున్న మెకానిక్‌తోనే చేయించాలి. కాలిపరును రబ్బరు గొట్టానికి వేలాడదీయకుండా తాడుతో కట్టమనండి. ప్యాడు మీద, డిస్కు మీద గ్రీజు, నూనె చుక్క పడకూడదు. పాత బ్రేకు దుమ్మును నోటితో గానీ, గాలి గొట్టంతో గానీ ఊదనివ్వకండి. పాత లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే క్యాన్సర్‌కు కూడా దారితీస్తుంది. తడిగుడ్డతో తుడవడమే మేలు.

కొత్త ప్యాడ్లు బిగించగానే బండి కదపకూడదు. పిస్టన్ వెనక్కి నెట్టి ఉంటారు కాబట్టి మొదటిసారి పెడలు పూర్తిగా కిందికి పోతుంది. బండి నిలిపి ఉండగానే పెడలు గట్టిపడేదాకా పలుమార్లు తొక్కాలి. ఈ ఒక్క సంగతి మరిచి షెడ్డు నుంచి బయటికి తీస్తూనే గోడకో మనిషికో గుద్దే ప్రమాదం ఉంది.

ఆ తర్వాత ఖాళీ బండితో, రద్దీ లేని రోడ్డు మీద 50 కిలోమీటర్ల వేగం నుంచి 10కి మెల్లగా తగ్గించాలి. మధ్యమధ్య చల్లారనిస్తూ 15, 20 సార్లు ఇలా చేస్తే ప్యాడు డిస్కుకు ఒదుగుతుంది. మొదటి రెండు మూడు వందల కిలోమీటర్లు సడన్ బ్రేకులు వేయకుండా చూసుకోవాలి. మొదటి రోజే నిండు లోడుతో ఘాట్ రోడ్డు ఎక్కించకండి.

దిగుడులో ఈ తప్పు చేయొద్దు

డీజిలు కలిసొస్తుందని దిగుడులో బండిని న్యూట్రల్ చేసేవాళ్లు, ఇంజన్ ఆపేసేవాళ్లు ఉన్నారు. ఇది ప్రాణాంతకం. గేరులో ఉంటే ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది. న్యూట్రల్‌లో ఆ పనంతా బ్రేకుల మీదే పడుతుంది. ఇక బూస్టర్ ఉన్న బండ్లలో ఇంజన్ ఆపితే రెండు మూడు తొక్కుల తర్వాత పెడలు రాయిలా బిగుసుకుంటుంది. మొగిలి ఘాట్ అయినా, భాకరాపేట ఘాట్ అయినా, పాడేరు, మారేడుమిల్లి, శ్రీశైలం దారులైనా సూత్రం ఒకటే. ఎక్కేటప్పుడు ఏ గేరు పడుతుందో దిగేటప్పుడూ ఆ గేరులోనే రావాలి. బ్రేకు అదే పనిగా తొక్కి ఉంచకుండా, తొక్కి వదులుతూ రావాలి. కాలిన వాసన వస్తే పక్కన ఆపి, చక్రానికి రాయి పెట్టి, చల్లారేదాకా ఆగాలి. వేడి డిస్కు మీద నీళ్లు పోస్తే పగలొచ్చు, వంకర పోవచ్చు.

వాగు దాటినా, పొలం బురదలోంచి వచ్చినా మెల్లగా పోతూ రెండు మూడుసార్లు బ్రేకు తొక్కి ఆరబెట్టుకోండి. ఎరువు బస్తాలు మోసిన తర్వాత చక్రాల దగ్గర నీళ్లతో కడగండి. ఎరువుకు ఇనుము తొందరగా తుప్పు పడుతుంది. పంటలు లేని రోజుల్లో బండి నెలల తరబడి నిలిపితే హ్యాండ్ బ్రేకు వేసి వదలకండి, షూలు డ్రమ్ముకు అతుక్కుంటాయి. చదును నేల మీద గేరులో పెట్టి, చక్రానికి రాయి అడ్డం పెట్టండి. మళ్లీ తీసేటప్పుడు ముందు బ్రేకులు చూపించుకుని ఆ తర్వాతే లోడు ఎక్కించండి.

సరుకు బండికి ఎనిమిదేళ్లు దాటితే ఏటా ఫిట్‌నెస్ చేయించాలని 2018లో సవరించిన నిబంధన చెబుతోంది. దాన్ని ఒక తతంగంలా కాకుండా బ్రేకులు చూపించుకునే రోజుగా పెట్టుకోండి. మిగతా రోజుల్లో పక్షానికోసారి బ్రేకు ఆయిలు మట్టం, రెండు మూడు నెలలకోసారి ప్యాడ్ల మందం చూస్తే చాలు. కలిసి కొన్న బండి అయితే ఈ పని ఎవరిదో ముందే అనుకోండి. అందరిదీ అనుకుంటే ఎవరూ చూడరు.

సరుకు మీద మనుషుల్ని కూర్చోబెట్టడం నిబంధనలకు విరుద్ధం. అయినా రాత్రిపూట బాక్సుల మీద ఒకరిద్దరు కూర్చుని పోవడం మనకు తెలియంది కాదు. వాళ్లు మన ఇంటివాళ్లో, మన కూలీలో అయి ఉంటారు. వాళ్లను కిందికి దించండి. ప్యాడ్ల దగ్గర మిగుల్చుకున్న రెండు మూడు వందలు ఒక టమాటా బాక్సు ధరలో పోతాయి, వస్తాయి. వచ్చేవారం లోడు ఎత్తే ముందు, పగటి పూట వెలుతురులో, ఒక్కసారి ముందు చక్రం విప్పించి చూడండి.